గాయం మానినా మచ్చకు ఏడాది గడువు

సౌందర్య శస్త్రచికిత్స పట్నాలలోని ధనికుల వ్యవహారమని చాలామంది తలుస్తారు. రేణిగుంట నుండి శ్రీకాళహస్తికి వెళ్ళే దారిలోని మా ఏర్పేడు పరిసరాలలోనూ దాని అవసరం కలవారు ఉన్నారు. బరువైన కమ్మల వల్ల సాగి తెగిన చెవి తమ్మెను కుట్టించుకునేవారు, బిడ్డకు పుట్టుకతో వచ్చిన గ్రహణం మొర్రిని సరిచేయించేవారు, బైకు ప్రమాదంలో వంకరపోయిన ముక్కును దిద్దించుకునేవారు అందరూ మనవారే. శస్త్రచికిత్స బాగా జరిగిందన్న సంతోషం కుట్లు విప్పేదాకా ఉంటుంది. ఆ తరువాత అద్దంలో ఎర్రని గీత కనబడగానే కొత్త దిగులు మొదలవుతుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఇలా అడుగుతుంటారు: ఆపరేషన్ జరిగి రెండు నెలలైంది, వచ్చే నెలలో నికాహ్ ఉంది, ఈలోగా మచ్చను పోగొట్టే చికిత్స ఏదైనా ఉందా? ఈ ప్రశ్నకు జవాబు మచ్చ స్వభావంలోనే ఉంది.

చర్మం లోతుగా తెగినప్పుడు శరీరం పాత చర్మాన్ని ఉన్నదున్నట్లు తిరిగి తయారుచేయదు. కొల్లాజెన్ అనే పీచుపదార్థంతో అతుకు వేస్తుంది. మొదటి నెలలలో ఈ పీచు ఎక్కువగా పేరుకుంటుంది, కొత్త రక్తనాళాలు కూడా అక్కడ పుడతాయి. అందువల్ల రెండు మూడు నెలల మచ్చ మొదటి వారాలలో కన్నా ఎర్రగా, గట్టిగా కనబడవచ్చు. అంతమాత్రాన చికిత్స విఫలమైందని భయపడనక్కరలేదు. క్రమంగా శరీరమే ఆ పీచును సర్దుకుంటూ 12 నుండి 18 నెలలలో మచ్చను చదునుగా, లేతగా మారుస్తుంది. కనుక నికాహ్‌కు మూడు నెలల ముందు శస్త్రచికిత్స చేయిస్తే, మచ్చ స్పష్టంగా కనబడే రోజులలోనే పిల్ల పెళ్ళికూతురై కూర్చోవలసి వస్తుంది.

మచ్చ మిగలని కోత లేదు. 1792 నాటి మైసూరు యుద్ధంలో బందీ అయి ముక్కు కోల్పోయిన కావస్జీ అనే బండివానికి పుణె ప్రాంతంలో ఒక దేశీయ వైద్యుడు నుదుటి చర్మంతో కొత్త ముక్కును మలిచాడు. 1794 అక్టోబరులో లండన్‌లోని ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’ అతని చిత్రాన్ని ప్రచురించింది. అందులో కొత్త ముక్కుతోపాటు నుదుటి మచ్చ కూడా కనబడుతుంది. నేటి నిపుణులు కోతను చర్మపు ముడతల వెంట, జుట్టు అంచున, చెవి వెనుక దాచగలరు. పూర్తిగా లేకుండా చేయడం వారి చేతిలోనూ లేదు.

మచ్చకు చికిత్స చేయించుకుంటే అల్లాహ్ సృష్టిని మార్చినట్లవుతుందేమోనని కొందరు శంకిస్తారు. ఇస్లాంకు పూర్వం జరిగిన కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టించుకోగా అది దుర్వాసన కొట్టింది. బంగారు ముక్కు పెట్టించుకొమ్మని దైవప్రవక్త (స) ఆయనకు చెప్పిన విషయం అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఉంది. 2007 జూలైలో మలేషియాలోని పుత్రజాయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ కూడా పుట్టుక, ప్రమాదం, కాలిన గాయం, వ్యాధి వల్ల ఏర్పడిన లోపాలను సరిచేయడాన్ని అనుమతించింది. శస్త్రచికిత్స మిగిల్చిన మచ్చను తగ్గించుకోవడం ఈ కోవకే చెందుతుందని మా అభిప్రాయం.

చికిత్సలో మొదటి మెట్టు ఇంట్లోనే ఉంది. కొత్త మచ్చకు ఎండ తగిలితే నల్లబారుతుంది, మన రాయలసీమ ఎండకు ఆ నలుపు నెలల తరబడి నిలుస్తుంది. బయటకు వెళ్ళేటప్పుడు మచ్చను కప్పుకోవాలి. కప్పలేని చోట ఎస్పీఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్ రాయాలి. గాయం పూర్తిగా మూసుకున్నాక, డాక్టరు అనుమతితో సిలికాన్ జెల్ గానీ పట్టీ గానీ వాడాలి. పట్టీని రోజుకు 12 గంటలకు తగ్గకుండా, కనీసం రెండు మూడు నెలలు ఉంచితేనే ఫలితం తెలుస్తుంది. రోజూ కొన్ని నిమిషాలు వేలితో మృదువుగా మర్దన చేయడమూ మేలు చేస్తుంది.

వుజూ సంగతి ఏమిటని సోదరీమణులు అడుగుతారు. మానిన చర్మంపై ఉన్న పట్టీని వుజూ వేళ తీసి, ముఖం కడుక్కొని, తడి ఆరాక తిరిగి అంటించుకోవాలి. మానని గాయంపై డాక్టరు వేసిన కట్టును విప్పితే హాని కలిగేటట్లయితే దానిపై తడిచేత్తో మసహ్ చేస్తే చాలు. చర్మానికి పూసే మందులు, పోషణ కోసం కాని ఇంజెక్షన్లు రోజాను భంగపరచవని అదే అకాడమీ 1997లో తీర్మానించింది.

కొందరి మచ్చ కోత హద్దు దాటి గడ్డలా పాకుతుంది. దీనిని కెలాయిడ్ అంటారు. చెవి కుట్టించిన చోట గానీ, బీసీజీ టీకా వేసిన భుజంపై గానీ ఇటువంటి గడ్డ పెరిగినవారు ఆ సంగతిని ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పి తీరాలి. కెలాయిడ్‌ను కేవలం కోసి తీసివేస్తే చాలాసార్లు మళ్ళీ వస్తుంది, మునుపటి కన్నా పెద్దదిగానూ రావచ్చు. అందుకే నాలుగు నుండి ఆరు వారాలకు ఒకసారి మచ్చలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. ఎరుపును, గరుకుతనాన్ని లేజర్ తగ్గించగలదు. అయితే మన చామనఛాయ చర్మంపై దానిని సరిగా వాడకపోతే కొత్త నల్లమచ్చలు ఏర్పడతాయి. ముడతకు అడ్డంగా పడి చర్మాన్ని లాగే మచ్చను తిరిగి కోసి దిశ మార్చే పద్ధతి కూడా ఉంది. దానికి సాధారణంగా ఏడాది ఆగమంటారు.

మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరికే స్టెరాయిడ్ కలిసిన తెల్లదనపు క్రీములు చర్మాన్ని పలుచన చేస్తాయి. నిమ్మరసం రాసి ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోతుంది. విటమిన్ ఇ నూనె మచ్చను తగ్గిస్తుందన్న నమ్మకానికి బలమైన ఆధారం లేదు, కొందరికి దానితో దద్దుర్లు వస్తాయి. పొగాకు గాయాన్ని త్వరగా మాననీయదు. మచ్చను పూర్తిగా మాయం చేస్తామనే ప్రకటనకు డబ్బు కట్టేముందు తిరుపతి రుయా ఆసుపత్రి వంటి బోధనాసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. చీము, జ్వరం, పెరిగే నొప్పి కనబడితే మాత్రం ఆలస్యం చేయక ఆపరేషన్ చేసిన డాక్టరు వద్దకే వెళ్ళాలి.

ఇంటి పెద్దలకు ఒక మాట. ఆ ఏడాది పొడవునా పిల్ల ముఖాన్ని రోజూ పరీక్షించి నిట్టూర్చకండి, వచ్చిన బంధువుల ముందు మచ్చ ప్రస్తావన తేకండి. వీలైతే నికాహ్ తేదీని మచ్చ వయసు చూసి నిర్ణయించండి. తేదీ ముందే ఖరారై ఉంటే, తొందరపడి లేజర్ చేయించకుండా, ఆ మచ్చతోనే పిల్లను సంతోషంగా అత్తవారింటికి సాగనంపండి.