ఆపదయు, తోడును

కోవిడ్ మహమ్మారి 2020, 2021 సంవత్సరములలో తలిదండ్రులను హరింపగా దిక్కులేనివారైన బాలబాలికలలో ననేకులు నేడు యౌవనమున నడుగిడియున్నారు. “కష్టములే వారిని గట్టిపఱచును” అని పలికి తృప్తినొందు పెద్దలు మనలో గలరు. ఆ మాట సగమే నిజమని మేము తలంచుచున్నాము.

విపత్తు పిదప కొందఱియందు మానసికాభివృద్ధి కలుగుట నిక్కము. అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు టెడెస్కీ, కాల్హౌన్ గారలు 1996లో దానిని గొలుచుటకు 21 అంశముల పట్టికను ప్రకటించిరి. ఆత్మబలము, పరులతోడి సాన్నిహిత్యము, జీవితముపై మక్కువ అందలివి. అయితే ఆ వృద్ధి దెబ్బవలన గాక, దాని పిదపటి పెనుగులాటవలన కలుగునని వారి సిద్ధాంతము. వేదనయు వృద్ధియు నొక్క మనసుననే యుండవచ్చును. కావున నవ్వుచున్న యువకుని గాయము మానినదని యెంచరాదు.

కుంతీదేవి శ్రీకృష్ణ దర్శనమునకై యాపదలనే కోరెనని భాగవతము చెప్పుచున్నది. ఆమె తనవారికై కోరెను గాని పరుల బిడ్డలకై కోరలేదు. ఆమె కష్టములలో కృష్ణుడు తోడుండెను. ఈ బిడ్డలకు తోడెవ్వరు?

తలిదండ్రులిరువురను గోల్పోయిన బాలలకు 23వ యేట 10 లక్షల రూపాయలు ముట్టునట్లు కేంద్ర ప్రభుత్వము 2021లో నేర్పాటు చేసెను; 2022లో 14416 సంఖ్యతో టెలీ-మానస్ అను మానసిక సహాయ కేంద్రమును నెలకొల్పెను. ఇవి మెచ్చదగినవే. ధనము చదువు చెప్పించును, ఫోను గోడు వినును. చెంత నిలుచుట మాత్రము ఇరుగుపొరుగువారి ధర్మము. ఊరూరను పెద్దలు అట్టివారి చదువును, జీవనోపాధిని, మనసును గనిపెట్టియుండవలెను. అది చేయక వారి ధైర్యమును పొగడుట, మన బాధ్యతను వారి నెత్తిపై మోపుటయే.