రోగి పసివాడైనప్పుడు

పెద్దవాడు వైద్యుని యొద్దకు పోయినచో తన బాధను తానే చెప్పుకొనును. ఆరునెలల పసిబిడ్డ ఏమి చెప్పగలదు? ఏడ్పు తప్ప వేరొక భాష లేదు. ఆ ఏడ్పునకైనను అర్థ మొక్కటి కాదు. ఆకలి, భయము, నొప్పి అన్నియు అందులోనే కలవు.

అందుచేత శిశువైద్యమున చేతికంటె ముందు కంటికి పని కలదు. నేర్పరియైన వైద్యుడు బిడ్డను వెంటనే తాకడు. తల్లి ఒడిలోనే ఉండనిచ్చి, దూరమునుండి చూచును. పాలు త్రాగుచున్నదా? తల్లి ముఖము వంక చూచుచున్నదా? డొక్కలెగురుచున్నవా? ఊపిరులను నిండుగా ఒక నిమిషము లెక్కించును. రెండు నెలలు నిండని శిశువునకు నిమిషమునకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, అయిదేండ్లలోపు బిడ్డకు 40 ఊపిరులు గాని, అంతకు మించి గాని ఉన్నచో అది వేగమైన శ్వాస యని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. బిడ్డ ఏడ్చునప్పుడు ఈ లెక్క కుదరదు. తొందరపడి స్టెతస్కోపును రొమ్ముపై పెట్టిన వైద్యునికి ఏడ్పు మిగులును గాని లెక్క మిగులదు.

వైద్యశాల వరండాలో కేకలు పెట్టు బిడ్డ వైపే అందరి చూపు పోవును. కాని గొంతెత్తి ఏడ్చుటకును బలము కావలెను. పాలు ముట్టక, పిలిచినను కన్నెత్తి చూడక, మగతగా పడియున్న బిడ్డనే మొదట చూడవలెను. అట్టి బిడ్డను బుద్ధిమంతుడని మెచ్చుకొనుట ఎంత ప్రమాదము!

మౌనమునకు మరియొక కారణమును కలదు. లండనులో జేమ్స్ రాబర్ట్‌సన్ అను పరిశోధకుడు, చిన్న శస్త్రచికిత్సకై తల్లిని విడిచి ఎనిమిది దినములు వైద్యశాలలో ఉన్న రెండేండ్ల బాలికను చలనచిత్రముగా తీసి 1952లో ప్రదర్శించెను. ఆ బాలిక పెద్దగా ఏడ్వలేదు. ఊరడిల్లినదని అందరును తలంచు ఆ నిశ్శబ్దములో ఎంత దిగులున్నదో ఆ చిత్రము చూపెను. 1959లో బ్రిటనులో ప్లాట్ సంఘము, తల్లిదండ్రులు బిడ్డను చూడవచ్చుటకు అడ్డు పెట్టరాదని సిఫారసు చేసెను.

నాలుగైదేండ్ల పిల్లలకు మాటలు వచ్చును. విన్నమాటను విన్నట్లే నమ్ముదురు. “అల్లరి చేసినచో డాక్టరుచేత సూది వేయించెదను” అని బెదరించుట తెలుగిండ్లలో వింత కాదు. అన్నము తినకున్నను సూదియే, నిద్రపోకున్నను సూదియే! నిజముగా జ్వరము వచ్చిననాడు ఆ పిల్లవాడు, ఏ తప్పునకు ఈ శిక్షయో యని వెదకుకొనును. అట్టివానితో “నొప్పియే ఉండదు” అని బొంకుట రెండవ తప్పు. సూది గ్రుచ్చగానే బొంకు బయటపడును. మరునాడు నిజము చెప్పినను నమ్మడు. “ఒక్క క్షణము నొచ్చును. ఏడ్పు వచ్చినచో ఏడ్వవచ్చును, చేయి మాత్రము కదపకుము” అని చెప్పుట మేలు.

పదుమూడేండ్లవాడు అన్నియు చెప్పగలడు. అయినను వైద్యుడు “ఎట్లున్నదిరా?” అనగా తండ్రి బదులు చెప్పును, “ఎన్నాళ్ళనుండి?” అనగా తల్లి చెప్పును. ఆ బాలుడు గోడవంక చూచుచుండును. తల్లిదండ్రులను కొంచెముసేపు బయట కూర్చుండుడని వైద్యుడు కోరినచో అది వారికి అవమానము కాదు. కడుపునొప్పి బడికి పోవు దినములలోనే వచ్చుచున్నదను మాట అప్పుడు గాని బయటికి రాదు.