స్వస్థత రాని బిడ్డకు సాక్ష్యం ఉండదా?

ముంబయి–అహ్మదాబాద్ రైలు మార్గంలో సూరత్ దాటి భరూచ్ వైపు వెళ్తుంటే కిమ్ వస్తుంది. ఓల్పాడ్ తాలూకాలోని ఈ ఊరి చుట్టూ ఇప్పుడు పరిశ్రమలే. సూరత్ మగ్గాలు, మిల్లులు నగరం దాటి ఇలాంటి ఊళ్ల వైపు విస్తరించాయి, వాటి వెంటే వలస కుటుంబాలూ కదిలాయి. సూరత్‌కు తెలుగువారి వలస ఈనాటిది కాదు. వరంగల్, నల్లగొండ, కరీంనగర్ ప్రాంతాల నేత కుటుంబాలు కొన్ని తరాలుగా అక్కడ స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉందంటే వారి సంఖ్య ఎంతో ఊహించవచ్చు. వారిలో ఎక్కువ మంది పద్మశాలీలు, క్రైస్తవులు చిన్న భాగమే. ఆ చిన్న భాగంలోనూ ఎవరి కంటా పడని కుటుంబాలు కొన్ని ఉంటాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్, మేధో వైకల్యం ఉన్న పిల్లల్ని పెంచుతున్న కుటుంబాలవి.

సొంత ఊళ్లో అలాంటి బిడ్డ పుడితే కనీసం అమ్మమ్మ ఉంటుంది, మేనత్త ఉంటుంది, మండల కేంద్రంలో భవిత కేంద్రం ఉంటుంది. కిమ్ లాంటి చోట ఒకే గది ఇల్లు, తండ్రికి మగ్గం మీద పన్నెండు గంటల షిఫ్టు, తల్లికి సగం సగం వచ్చిన హిందీ. ఆసుపత్రిలో డాక్టరు గుజరాతీలోనో హిందీలోనో చెబుతాడు, ప్రభుత్వ దరఖాస్తు గుజరాతీలో ఉంటుంది. తెలుగులో మాట్లాడేది, ఆమె మాట పూర్తయ్యేదాకా వినేది చాలాసార్లు ఆదివారం ప్రార్థన కూటం ఒక్కటే. అందుకే బిడ్డకు మూడేళ్లు వచ్చినా మాట రాలేదన్న దిగులు పిల్లల డాక్టరు కంటే ముందు పాస్టరు గారి దగ్గరికి చేరుతుంది. వలసలో సంఘం ప్రార్థనా స్థలంగానే ఉండిపోదు. తెలిసో తెలియకో తొలి సలహా కేంద్రమూ అదే అవుతుంది. అక్కడ ఏం చెబుతారన్నది ఆ బిడ్డ జీవితాన్ని నిర్ణయించే విషయం.

విశ్వాసం ఇచ్చేది తక్కువేం కాదు

ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు విశ్వాసం నుంచి పొందే బలాన్ని చదువుకున్నవారు తేలిగ్గా తీసిపారేస్తుంటారు. అది సరికాదు. బిడ్డకు వైకల్యం ఉందని తెలిసిన రోజు నుంచి బంధువుల రాకపోకలు తగ్గుతాయి. పెళ్లిళ్లకు పిలుపు వస్తుంది గానీ ‘బాబును కూడా తీసుకురండి’ అన్న మాట రాదు. అలాంటి ఇంటికి వారానికో రోజు తప్పనిసరిగా వెళ్లే చోటు ఉండటం, అక్కడ పది మంది బిడ్డను పేరు పెట్టి పలకరించడం చిన్న సంగతి కాదు. రాత్రి నిద్రపోని బిడ్డతో మేలుకుని ఉన్న తల్లికి ప్రార్థన ఒక ఊరట. తన కష్టం ఎవరో వింటున్నారన్న నమ్మకం మర్నాటి ఫిజియోథెరపీకి లేచే శక్తినిస్తుంది.

అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. మన సమాజంలో బిడ్డ వైకల్యానికి మొదటి ముద్దాయి తల్లి. ‘ఏ పాపం చేసిందో’, ‘పూర్వజన్మ కర్మ’, ‘గ్రహణం నాడు బయట తిరిగింది’ అన్న మాటలు అందరికీ తెలిసినవే. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో శిష్యులు అడిగిందీ ఇదే. పుట్టు గుడ్డివాణ్ని చూసి పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అంటారు. ఇద్దరిదీ కాదని యేసు తేల్చేస్తాడు. నింద మోసే తల్లికి ఆ జవాబు పెద్ద విడుదల. విశ్వాసం ఆమెకు చేసిన తొలి మేలు ఇదే.

అదే విశ్వాసం భారమయ్యేది ఎప్పుడు?

యేసు కాదన్న ప్రశ్నను మన సంఘాలు చాలాసార్లు మరో దారిలో వెనక్కి తెచ్చుకుంటాయి. పాపం అనే మాట పోయి ‘విశ్వాసం తక్కువ’, ‘ఇంట్లో ఏదో శాపం ఉంది’, ‘ఇంకా ఉపవాసం ఉండాలి’ అన్న మాటలు వస్తాయి. ముద్దాయి మళ్లీ తల్లే.

స్వస్థత కూటాల ప్రభావం ఇక్కడే కనిపిస్తుంది. వేదిక మీద చెప్పే సాక్ష్యానికి ఒక అచ్చు ఉంది: జబ్బు వచ్చింది, డాక్టర్లు చేతులెత్తేశారు, ప్రార్థన చేశారు, నయమైంది. నయం కాని బిడ్డ తల్లికి ఆ వేదిక మీద చోటు లేదు. పదేళ్లు కష్టపడి కొడుకు చేత సొంతంగా అన్నం తినిపించగలిగిన తల్లి విజయం ఆ అచ్చులో ఇమడదు. డౌన్ సిండ్రోమ్ క్రోమోజోముల్లో ఉన్న తేడా, ఆటిజం మెదడు ఎదుగుదలలోని తేడా. అవి జ్వరంలా వచ్చి పోయేవి కావు. వాటిని ‘పోవాల్సిన జబ్బు’గా చూసినంత కాలం బిడ్డను ఉన్నట్టుగా స్వీకరించడం వాయిదా పడుతూనే ఉంటుంది.

ఈ వాయిదాకు చెల్లించే ధర బిడ్డదే. మొదటి ఐదారేళ్లలో మెదడు వేగంగా ఎదుగుతుంది. ఆ వయసులో మొదలుపెట్టిన స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ఫిజియోథెరపీ ఇచ్చే ఫలితం తర్వాత దొరకడం కష్టం. రెండేళ్లప్పుడు వెళ్లాల్సిన చోటికి అద్భుతం కోసం ఎదురుచూసి ఏడేళ్లకు వెళ్తే ఆ ఐదేళ్లు తిరిగి రావు. సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం ఉన్న పిల్లల్లో మూర్ఛ కూడా ఎక్కువ. విశ్వాసం పేరుతో మూర్ఛ మందులు ఒక్కసారిగా ఆపేస్తే అది ప్రాణం మీదికే వస్తుంది. మందులు మానేయమని ఏ బోధకుడైనా చెబితే అది విశ్వాసం కాదని సంఘ పెద్దలే గట్టిగా చెప్పాలి.

బైబిల్లోనే స్వస్థత రాని మనిషి ఉదాహరణ ఉంది. తన శరీరంలోని ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకుంటాడు. అది పోదు. దానితోనే జీవించే కృప చాలునన్న జవాబు వస్తుంది. ఆదిమ సంఘంలో అంతటివాడి విశ్వాసాన్ని ఎవరూ శంకించలేదు. కిమ్‌లో ఉండే తల్లి విశ్వాసాన్ని మాత్రం ఎందుకు శంకించాలి?

నలుగురు మోసిన మంచం

వినడానికి మెచ్చుకోలుగా ఉండి, లోపల ప్రమాదమున్న మాట ఇంకొకటి ఉంది. ‘ఇలాంటి బిడ్డను దేవుడు నీకే ఇచ్చాడంటే నువ్వు మోయగలవని ఆయనకు తెలుసమ్మా.’ ఈ మాట చెప్పినవారు ఇంటికి వెళ్లిపోతారు. మోసేది తల్లి. ఆమె అలసట, కోపం, ఒక్కోసారి బతుకు మీద విరక్తి కూడా ఈ ప్రశంస కింద కప్పడిపోతాయి. సహాయం అడిగితే విశ్వాసం చాలలేదంటారేమోనని భయపడుతుంది.

మార్కు సువార్త రెండో అధ్యాయంలో పక్షవాయువు గల మనిషిని నలుగురు మంచంతో సహా మోసుకొస్తారు. జనం దారి ఇవ్వకపోతే ఇంటి కప్పు విప్పి దించుతారు. అక్కడ యేసు చూసింది ఆ మోసుకొచ్చినవారి విశ్వాసాన్ని అని సువార్త చెబుతుంది. మన సంఘాల్లో ఈ కథను స్వస్థత కోసం చెబుతారు. నలుగురి సంగతి, విప్పిన కప్పు సంగతి పెద్దగా చెప్పరు. మెట్లున్న ప్రార్థనా మందిరానికి ర్యాంపు కట్టడం ఆ కప్పు విప్పడం లాంటిదే. ఆదివారం రెండు గంటలు బిడ్డను చూసుకుని తల్లిని నిద్రపోనివ్వడం మంచానికి ఓ కొస పట్టడమే.

తెలుగు నేల మీద క్రైస్తవ సేవ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్, జార్జ్ కెర్ దంపతులు కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి మొదలుపెట్టారు. ఊరు వెలేసినవారికి అక్కడ ప్రార్థనతోపాటు మందు, పడక, పని దొరికాయి. చిత్తూరు జిల్లావాసులకు దగ్గరైన వేలూరు సీఎంసీలో నంబిక్కై నిలయం అనే విభాగముంది. మేధో వైకల్యం, ఆటిజం ఉన్న పిల్లలతోపాటు తల్లిదండ్రులు కొన్ని వారాలు అక్కడే ఉండి బిడ్డకు నేర్పే పద్ధతులు నేర్చుకుంటారు. ఆ పేరుకు అర్థం నమ్మకపు ఇల్లు. క్రైస్తవ సంస్థే నడుపుతున్న ఆ ఇంట్లో ప్రార్థనకూ శిక్షణకూ పోటీ లేదు.

బిడ్డను దాచకపోవడం ఎంత మార్పు తెస్తుందో అమెరికాలో ఇద్దరు తల్లులు చూపించారు. చైనాలో మిషనరీ ఇంట పెరిగిన నోబెల్ రచయిత్రి పెర్ల్ బక్ 1950లో తన కూతురి మేధో వైకల్యం గురించి పుస్తకం రాసింది. సినీ నటి డేల్ ఎవాన్స్ డౌన్ సిండ్రోమ్‌తో పుట్టి రెండేళ్లకే చనిపోయిన తన కూతురి గురించి 1953లో రాసింది. పెర్ల్ బక్ మిషనరీ మార్గానికి దూరమైన మనిషి, డేల్ ఎవాన్స్ గాఢ విశ్వాసి. ఇలాంటి పిల్లల్ని సంస్థలో వదిలి మరిచిపొమ్మని డాక్టర్లే చెప్పే రోజులవి. దారులు వేరైనా ఇద్దరూ ఆ మౌనాన్ని బద్దలుకొట్టారు. ఎవాన్స్ పుస్తకంలో స్వస్థత లేదు. అయినా అది లక్షల మందికి సాక్ష్యమైంది.

ప్రభుత్వం నుంచి రావాల్సినది దయ కాదు

విశ్వాసం ఎంత బలమిచ్చినా హక్కుగా రావాల్సినదానికి అది బదులు కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నలభై శాతం, అంతకు మించి వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య వారి హక్కు. 2011 జనగణన దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులున్నారని తేల్చింది. ఆ లెక్కలో ఆటిజానికి విడిగా గడి కూడా లేదు.

వలస కుటుంబం ఈ హక్కులను రాష్ట్ర సరిహద్దు దగ్గర పోగొట్టుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు. పూర్తిగా మంచాన పడినవారికి 15,000. తెలంగాణలో 2023లో అది 4,016 అయింది. గుజరాత్‌లో సంత్ సూరదాస్ పథకం కింద ఇచ్చేది నెలకు 1,000. సొంత రాష్ట్రంలో పింఛను నిలవాలంటే మనిషి అక్కడ కనిపించాలి. వరుసగా కొన్ని నెలలు తీసుకోకపోతే శాశ్వతంగా వలస వెళ్లినట్టు లెక్కగడతారు. బిడ్డను చంకనేసుకుని నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ దాకా వచ్చిపోయే ఖర్చు, పోయిన కూలి లెక్కేస్తే పింఛనులో మిగిలేది కొంతే.

తెలుగు రాష్ట్రాల్లో చాలామంది దగ్గర ఉన్నది సదరం పత్రం. దేశమంతటా చెల్లేది యూడీఐడీ కార్డు. వలస వెళ్లే కుటుంబం మొదట తీసుకోవాల్సింది అదే. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్నవారికి నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. అందులో థెరపీల ఖర్చూ ఉంది, అది కేంద్ర పథకం. ఇవేవీ తెలియక వదులుకునేవారే ఎక్కువ.

భాష సమస్య వేరు. ఇంట్లో తెలుగు, బడిలో గుజరాతీ, థెరపిస్టుతో హిందీ. మాట రాని బిడ్డతో ఇంట్లో తెలుగు మానేసి హిందీయే మాట్లాడమని సలహా ఇచ్చేవారూ ఉంటారు. రెండు భాషల వల్ల ఆటిజం ఉన్న పిల్లల ఎదుగుదల దెబ్బతింటుందనడానికి ఆధారం లేదు. తల్లి తనకు బాగా వచ్చిన భాషలో మాట్లాడితేనే బిడ్డ ఎక్కువ మాటలు వింటాడు. బడుల్లో ప్రత్యేక ఉపాధ్యాయుల కొరత అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. సుప్రీంకోర్టు 2021లో ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలంది. నియామకాలు ఇంకా ఆ మాటను అందుకోవాల్సే ఉంది.

గుజరాత్‌లో మరో జాగ్రత్త కూడా అవసరం. 2021లో సవరించిన ఆ రాష్ట్ర మతస్వేచ్ఛ చట్టం దైవ ఆశీర్వాదం ఆశ చూపడాన్ని కూడా ప్రలోభం నిర్వచనంలో చేర్చింది. అలాంటిచోట స్వస్థత హామీలు సంఘానికే చిక్కు తెస్తాయి. ఏ మతం బిడ్డకైనా ఏ షరతూ లేకుండా ఫారం నింపిపెట్టడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం మాత్రం ఎవరూ వేలెత్తి చూపలేని సేవ.

మా తర్వాత ఎవరు?

ఈ తల్లిదండ్రులు దేవుణ్ని అడిగే ప్రశ్నల్లో అన్నిటికంటే కఠినమైనది ఇదే. ‘వీడి కంటే ఒక్కరోజు ఎక్కువ బతికితే చాలు’ అనుకునే తల్లులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. దీనికి పూర్తి జవాబు ఎవరి దగ్గరా లేకపోయినా కొంత జవాబు చట్టంలో ఉంది. బిడ్డకు 18 నిండాక తల్లిదండ్రులు దానంతటదే చట్టబద్ధ సంరక్షకులు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. సంరక్షకులుగా ఎవరుండాలో తల్లిదండ్రులు బతికుండగానే ఆలోచించి పెట్టాలి. బ్యాంకు ఖాతా, ఆస్తి, వైద్యం విషయాల్లో తర్వాత వచ్చే చిక్కులు దీనితో చాలావరకు తప్పుతాయి.

మిగిలిన జవాబు ఇచ్చే బాధ్యత సంఘానిది. బాప్తిస్మం నాడు, ప్రతిష్ఠ ప్రార్థన నాడు బిడ్డను అందరి ముందు ఎత్తుకుని ఆశీర్వదించినవారు ఆ బిడ్డ ముప్పై ఏళ్లవాడైనప్పుడు కూడా ఉండాలి. ఆదివారం బడిలో అతనికి ఒక కుర్చీ, చేయగల చిన్న పని, గట్టిగా అరిచినా వెనక్కి తిరిగి చూడని మనుషులు ఉండాలి. స్వస్థత రాకపోయినా ఫర్వాలేదని ఒక్కసారి పాస్టరు గారు వేదిక మీద నుంచి చెబితే, అక్కడ వెనక వరుసలో కూర్చున్న తల్లి తన పదేళ్ల కష్టాన్ని లేచి చెప్పగలుగుతుంది. అదీ సాక్ష్యమే. నలుగురు మంచం పట్టుకున్న సంఘంలోనే అది వినిపిస్తుంది.