పాదుకలు కొనుక్కుంటే భరతులైపోరు

మొన్న ఆదివారం పొద్దున్నే డల్లాస్ నుంచి మా అక్క కొడుకు వీడియో కాల్ చేశాడు. ఫోన్ బిందెకి ఆనించి గోంగూర వలుస్తూ మాట్లాడుతున్నాను. "పిన్నీ, మైకేల్ జాక్సన్ స్టేజి మీద వేసుకున్న చొక్కా ఒకటి వేలానికి వచ్చింది. పాడదామనుకుంటున్నా" అన్నాడు. వాడు చెప్పిన అంకెని రూపాయల్లోకి మార్చుకునేసరికి నా చెయ్యి ఆగిపోయింది.

"ఉతికిందేనా?" అన్నాను.

వాడికి కోపం వచ్చింది. ఉతక్కపోతేనే విలువట. కాలరు మీద మేకప్ మరక ఉందట, దానికో సర్టిఫికెట్టట. "భరతుడు పాదుకలు తెచ్చుకోలేదా? తెలుగు బీఏ చదివావు కదా, చెప్పు!" అన్నాడు. అప్పటికి జవాబు తోచలేదు. వారం రోజులు అంట్లు తోముతూ ఆలోచిస్తే తోచింది. వాడు ఈ బ్లాగు చదువుతాడు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను.

పెద్దవాళ్ల వస్తువులు దాచుకోవడం పిచ్చి అని నేననను. 1983లో మోటౌన్ వారి పాతికేళ్ల వేడుకలో జాక్సన్ తొలిసారి మూన్‌వాక్ వేసినప్పుడు చేతికి తళుకుల గ్లౌజు ఉంది. కామడోర్స్ బృందంలోని వాల్టర్ ఆరెంజ్ ఆటోగ్రాఫ్ అడిగితే ఆ గ్లౌజే ఇచ్చేశాడట. ఎంత ముచ్చటగా ఉంది! ఒకరు సంతకం అడిగారు, ఇంకొకరు చేతికున్నది తీసిచ్చారు. అదే గ్లౌజు జాక్సన్ పోయిన కొన్ని నెలలకే, 2009 నవంబరులో, న్యూయార్క్ వేలంలో మూడున్నర లక్షల డాలర్లు పలికింది. రుసుములతో కలిపితే 4,20,000. థ్రిల్లర్ ఎర్ర జాకెట్టు 2011లో 18 లక్షల డాలర్లు పలికింది. కొన్నాయన మావాడుండే టెక్సాస్ ఆయనే. ఆ జాకెట్టుకి రూపం ఇచ్చినావిడ డెబొరా నాడూల్మన్ అని మావాడికే తెలీదు, నేను చెబితే విన్నాడు. ధర నోటికొచ్చింది, చేసిన మనిషి పేరు రాలేదు.

థ్రిల్లర్‌ని చూసి మనవాళ్లు 1985లో దొంగ సినిమాలో చిరంజీవితో గోలీమార్ పాట తీశారు కదా. మా పెదనాన్నగారబ్బాయి పామర్రు సెంటర్లో టైలర్‌ని బతిమాలి రెక్సిన్‌తో జాకెట్టు కుట్టించుకున్నాడు. మా దివిసీమ ఉక్కలో, రోహిణీకార్తెలో, పెళ్లిళ్లకి అది వేసుకొచ్చి చెమటలు కారుతుంటే డాన్స్ చేసేవాడు. ముసలమ్మలు కూడా ముక్కు మీద వేలేసుకుని చూసేవారు. తర్వాత అది పెచ్చులూడిపోయి, చివరికి చేలో మోటారు స్టార్టర్ పెట్టె మీద వాన తడవకుండా కప్పే గుడ్డయింది. దానికి సర్టిఫికెట్ లేదు. కానీ అందులో ఇంకిన చెమట మా అన్నయ్యది. అభిమానం అంటే నాకు తెలిసింది అదే.

మా పక్కనే కూచిపూడి. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషం కట్టి తెర మీదుగా జడ వేస్తే జనం ఊపిరి బిగబట్టేవారని మా నాన్న చెప్పేవారు. ఆ జడ ఎవరి బీరువాలో ఉందని ఎవరూ అడగరు. తర్వాతి సత్యభామ ఎవరని అడుగుతారు. జడ ఇంకో వీపు మీదకి వెళ్లింది కాబట్టే ఆట బతికుంది.

ఇక భరతుడి మాట. భరతుడు పాదుకలు వేలంలో పాడుకోలేదురా. అడవికెళ్లి అన్నగారిని అడిగి తెచ్చుకున్నాడు. అద్దాల పెట్టెలో పెట్టి వచ్చినవాళ్లకి చూపించలేదు. వాటి పేరు మీద పద్నాలుగేళ్లు నందిగ్రామంలో ఉండి రాజ్యభారం మోశాడు. రాముడు తిరిగొచ్చాక తన చేత్తోనే ఆయన కాళ్లకి తొడిగేశాడు. నువ్వేం మోస్తావు? ఎవరికి తిరిగిస్తావు?

"ఇది పెట్టుబడి పిన్నీ" అంటావేమో. సరే, అలాగే అను. పెట్టుబడికి భక్తి అని పేరు పెట్టకు. "నా డబ్బు నా ఇష్టం" అంటే అసలు వాదనే లేదు. వేలం తప్పని కూడా నేననడం లేదు. 2018లో విజయ్ దేవరకొండ తన ఫిల్మ్‌ఫేర్ అవార్డు వేలం వేస్తే 25 లక్షలొచ్చాయి, ఆ డబ్బు ముఖ్యమంత్రి సహాయ నిధికి వెళ్లింది. అది ఎవరికో మందూ మాకూ అయింది.

నా బాధ వేరే. ఎనిమిదో తరగతిలో నువ్వు మేజోళ్లు వేసుకుని మా గచ్చు మీద వెనక్కి జారుతుంటే మీ అమ్మమ్మ "పడతావురా నాయనా" అంటూ వెనకే తిరిగేది. నాలుగేళ్లుగా నువ్వు ఒక్క స్టెప్పు వెయ్యలేదని మీ ఆవిడ చెప్పింది. ఆడడం మానేసినవాడికి చొక్కా ఎందుకురా?

నన్ను దెప్పడానికి నీకూ ఒకటుంది, అదీ నేనే చెబుతాను. అమ్మ పోయిన ఏడాదికి ఆవిడ నేత చీరలు నాలుగు స్టీలు సామాన్లవాడికిచ్చి ఒక బేసిన్ తీసుకున్నాను. బీరువాలో చోటు లేదనుకున్నాను. ఇప్పటికీ ఆ బేసిన్లో పిండి కలిపినప్పుడల్లా గుర్తొస్తుంది. ఎవరిది దాచుకోవాలో నాకూ తెలీలేదు.

పాత చీరలతో అమ్మ కుట్టిన బొంత ఒకటి మిగిలింది. నువ్వు పడుకున్నదే. వేలానికి పెడితే పది రూపాయలు కూడా రాదు. సంక్రాంతికి వస్తే ఇస్తాను. ముందు గచ్చు మీద ఒకసారి జారి చూపించాలి.