కల్లుకడ పేరెత్తితే మన మర్యాద పోతుందా?

మన కుటుంబం పేజీలో కులదేవత గుడి ఉంది, తాత తవ్వించిన బావి ఉంది, మొదటి బనియన్ మిషన్ పక్కన నిలబడి దిగిన ఫోటో ఉంది. కల్లుకడ లేదు. తాత గురించి నేను రాసి పంపినదాంట్లో నాలుగు లైన్లు ఉండినాయి, మంగళం దారిలో టెంకాయ తోపు అంచున ఉండిన కల్లుకడ మీద. పేజీలో ఎక్కేసరికి అవి మాయం. ఎందుకని అడిగితే, "పిల్లలు చదివే చోట అదెందుకురా, మర్యాదగా ఉండాల కదా" అన్నారు.

ఆ మర్యాద అనే మాట మీద నాకు శానా కోపం ఉండాది. అందుకే ఈసారి నాలుగు లైన్లు కాదు, పేజీ మొత్తం దాని మీదే రాస్తా ఉండా.

ముందు ఆ కడ ఎట్లా ఉండిందో తెలియాల. నేను చూడలేదు. నేను పుట్టేటప్పటికి అది మూతబడి మూడేళ్ళు. అవ్వ, మేనత్త, పెద్దనాయన చెప్పింది కలిపి చెప్తా ఉండా. తాటాకు కప్పిన కొట్టం, మూడు పక్కల తడిక, ముందర వేపచెట్టు. బల్లలు గిల్లలు ఏమీ లేవు, ఇసక పోసిన నేల. కుండ మూతికి పన్నాడ కట్టి వడగట్టి పోసేవాళ్ళు. (తమిళంలో తిట్టడానికి వాడే "పన్నాడ" అదే. చెట్టు మట్టల దగ్గర అల్లుకునే పీచు జల్లెడ. మంచిది కిందికి వదిలి చెత్తను తన దగ్గర పెట్టుకుంటుంది కాబట్టి తిట్టయింది.) పక్కనే ఒక ముసలామె మిరపకాయ వేసిన సెనగ గుగ్గిళ్ళు, కాల్చిన ఎండుచేపలు, ఆదివారమైతే బోటి కూర అమ్మేది. ఆమె బోటి కోసమే పోయేవాణ్ణి అంటాడు పెద్దనాయన. నమ్మేవాళ్ళు నమ్మచ్చు.

కల్లు సంగతి తెలియనివాళ్ళకు ఒక్క మాట. చెట్టు ఎక్కి గెల కొన సన్నగా గీసి కుండ కడతారు, దినానికి రెండు మూడు సార్లు ఎక్కి దించుతారు. కుండ లోపల సున్నం పూస్తే పులవదు, అది పదనీరు. పూయకపోతే గంటల్లో పులిసి కల్లవుతుంది. పొద్దున తీపి, మధ్యాహ్నం పులుపు, సాయంత్రం ఘాటు, మర్నాటికి వినిగర్‌కి తక్కువ. అంటే దాన్ని దాచిపెట్టలేము, లారీ ఎక్కించి నూరు మైళ్ళు పంపలేము. చెట్టు యాడ ఉంటే కడ ఆడ ఉండాల. కాబట్టి కల్లుకడ ఎప్పటికీ చిన్నదే, ఎప్పటికీ ఆ పేట వాళ్ళదే. కల్లు దించేవాడు, అమ్మేవాడు, తాగేవాడు, వాడి భార్య, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళు. "ఇంక చాలు నాయుడూ, ఇంటికి పో" అని కడవాడు చెప్తే తాత లేచి వచ్చేవాడంట. అవ్వకు కల్లంటే పగ. అయినా ఆమె నాతో చెప్పిన మాట, "ఆయన యాడుండాడో తెలిసేది. పిల్లోణ్ణి పంపితే పట్టుకొచ్చేవాడు" అని.

ఆ కొట్టంలో మన భాష ఉండింది, ఇది మన పేజీకి సంబంధించిన సంగతి. దేవాంగ సెట్టిమార్ల కన్నడం, గౌండర్ల కొంగు తమిళం, మనవాళ్ళ తెలుగు, మూడూ ఒకే తడిక కింద. అప్పు లెక్క తమిళంలోనే, కానీ పాటంటే తెలుగు పాటే అనేవాడంట తాత. తిరుప్పూరులో తెలుగు బళ్ళోనో సభలోనో బతికిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇంట్లో బతికింది, పనిచోట బతికింది, సాయంత్రం కల్లుకడలో బతికింది. వీటిలో మొదటిదాన్ని మాత్రం పేజీలో పెట్టి మిగిలిన రెండూ తీసేస్తే మిగిలేది పెళ్ళిపత్రిక తెలుగు.

నేను చదివింది కొళ్ళేగాలలో, కన్నడ మీడియంలో. ఆ ఊరు 1956 దాకా కోయంబత్తూరు జిల్లాదే. అక్కడ మా కన్నడ మాస్టారు జి.పి. రాజరత్నం గారి "రత్నన పదగళు" క్లాసులో పాడి వినిపించేవారు. ఆ పదాలు చెప్పేవాడు ఎండ్కుడ్క రత్న, అంటే కల్లు తాగే రత్నడు. కన్నడం మీద ప్రేమ చెప్పాలంటే కన్నడిగులు ఈరోజుకీ తలచుకునే నోళ్ళలో ఆ తాగుబోతు నోరు ఒకటి. వాళ్ళకేమీ మర్యాద తగ్గలేదు. మనకెందుకు తగ్గుతుందో నాకు అర్థం కాలేదు.

"అది చట్టానికి విరుద్ధం కదా" అని ఇంకొక పెద్దాయన అన్నారు. ఏ ఏడు విరుద్ధం? రాజాజీ 1937 అక్టోబర్ 1న సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టినారు. పోయిన ఆదాయానికి బదులు 1939లో అమ్మకం పన్ను తెచ్చినారు, దాన్ని మనం పేరు మార్చి ఇప్పటికీ కడతా ఉండాము. 1948కి రాష్ట్రమంతా నిషేధం. 1971లో కరుణానిధి ఎత్తేసినారు, 1973లో కల్లుకడలు మళ్ళీ మూసినారు, ఆ మరుసటి ఏడు సారాయికడలు మూసినారు. 1981లో ఎం.జి.ఆర్. తెరిచినారు, 1987లో ఆయనే మూసినారు. తాత తాగింది అదే తోపు కల్లు, అదే వేపచెట్టు కింద. బోర్డు ఉన్నప్పుడు కొట్టంలో, లేనప్పుడు బావి వెనక. ఒక్కో ప్రభుత్వానికి ఆయన ఒక ఏడు పౌరుడు, ఒక ఏడు నేరస్థుడు. ఆయన మాత్రం మారలేదు.

1987 తర్వాత తమిళనాడులో మందు ఆగిపోయిందా? టాస్మాక్ పుట్టింది 1983లో, కల్లు మూయడానికి నాలుగేళ్ళ ముందే. 2003 నవంబర్ నుంచి చిల్లర అమ్మకం కూడా సర్కారుదే. 2025లో దాదాపు 4,800 కడలు ఉండినాయి. 2023-24లో వచ్చిన ఆదాయం 45 వేల కోట్లు దాటింది. రాజ్యాంగం 47వ అధికరణం మత్తుపానీయాలు మాన్పించాలని చెప్తుంది, ఆ పని చేయాల్సిన సర్కారే సీసా చేతికిస్తా ఉండాది. చెట్టు నుంచి దిగే కల్లులో ఆల్కహాలు సుమారు 5 శాతం, అది నేరం. క్వార్టర్ బ్రాందీలో 42.8 శాతం, దానికి కంప్యూటర్ బిల్లు. ఇంకా వింత వినండి, తమిళనాడు రాష్ట్ర వృక్షం తాటిచెట్టు. దానికి మర్యాద చేయచ్చు, బొమ్మ వేసుకోవచ్చు. ఎక్కి కల్లు దించితే పోలీసు.

కల్లు ఇయక్కం నల్లసామి గారు మన కొంగునాడు రైతుల తరఫున ఏళ్ళ తరబడి అడుగుతా ఉండేది ఇదే. ఆయన అన్న ప్రతిదీ నేను ఒప్పుకోను. కల్లు మందు కాదు, ఆహారం అనే మాట నాకు ఎక్కువనిపిస్తుంది. కల్లు మత్తే. కానీ రైతు చెట్టు మీది మత్తు నేరమూ, కంపెనీ సీసాలో మత్తు వ్యాపారమూ ఎట్లా అయిందనే ప్రశ్నకు ఇంతవరకు ఏ సర్కారూ సరైన జవాబు ఇవ్వలేదు. అన్నాడీఎంకే ఇవ్వలేదు, డీఎంకే ఇవ్వలేదు.

ఇక ఆడవాళ్ళ మాట. నన్ను ఆపడానికి పెద్దవాళ్ళు చివరికి అదే ఎత్తుతారు, ఆడవాళ్ళ కష్టం నీకు తెలియదని. అవ్వకు దెబ్బలు తగల్లేదని నేను రాయను. తగిలినాయి. ఆ మాట కూడా తాత జీవితకథలో ఉండాలనే నేను అంటా ఉండా, మీరే అదీ తీసేసినారు. ఈరోడ్‌లో 1921లో పెరియార్ గారి భార్య నాగమ్మై, చెల్లెలు కణ్ణమ్మాళ్ కల్లుకడల ముందు నిలబడి మరియల్ చేసినారు. పెరియార్ తన తోపులో టెంకాయ చెట్లు వందల కొద్దీ కొట్టించినారని అందరూ చెప్పుకుంటారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో మొదలైన సారా పోరాటం మన తెలుగు ఆడవాళ్ళదే. వాళ్ళ కోపం నిజం, దాని మీద నాకు వాదం లేదు.

అయితే ఆ కోపం ఇప్పుడు ఎవరి మీద? 2017లో హైవేకి 500 మీటర్ల లోపల మందుకడలు ఉండకూడదని సుప్రీంకోర్టు అన్నప్పుడు టాస్మాక్ వాటిని ఊళ్ళలోకి జరిపింది. ఏప్రిల్‌లో మన తిరుప్పూరు పక్కనే సామళాపురంలో ఆడవాళ్ళు రోడ్డెక్కినారు. ఒక పోలీసు అధికారి ఒకామెను చెంపమీద కొట్టడం దేశమంతా వీడియోలో చూసింది. మంగళం దారిలోనే ఉండాది ఆ ఊరు. ఆడవాళ్ళ మేలు కోసం కల్లు మూసినామని చెప్పిన సర్కారు, సీసా వద్దన్న ఆడదాన్ని కొట్టింది. శనివారం సాయంత్రం, బనియన్ కంపెనీల్లో వారం కూలి చేతికొచ్చినాక, ఏ టాస్మాక్ బార్ ముందరైనా నిలబడి చూడండి. "ఇంక చాలు, ఇంటికి పో" అనేవాడు ఒక్కడు లేడు. లోపలున్నవాడి పేరు కౌంటర్‌లో ఉన్నవాడికి తెలియదు. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన పిల్లోడికి భార్య ఈ ఊళ్ళోనే ఉండదు, పిలవడానికి ఎవర్ని పంపుతారు?

మన పేజీ ఎత్తని ఇంకొక మాట ఉండాది. కల్లుకడ వెనక పక్క తడిక దగ్గర తాటాకు దొన్నెలో పోసి ఇచ్చేవాళ్ళంట, అరుంధతియర్లకు. లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. పెద్దనాయన ఇది మామూలుగా చెప్పినాడు, వాన పడింది అన్నట్టు. వాళ్ళ ఇళ్ళలోనూ తెలుగే. మనకన్నా గట్టిగా తెలుగే. అయినా "తిరుప్పూరు తెలుగువాళ్ళు" అని మనం రాసేటప్పుడు నాయుళ్ళు, సెట్టిమార్లు, అంతటితో జాబితా అయిపోతుంది. కల్లుకడ లైన్లు తీసేస్తే ఆ తడిక కూడా పోతుంది, తడిక వెనక నిలబడినవాళ్ళూ పోతారు. కొందరికి అదే సుఖమేమో. కల్లుకడ అంటే నాకు మురిపెం ఉండాది, కానీ ఆ తడిక మీద మురిపెం లేదు.

మర్యాద గురించి మాట్లాడే మన బంధువుల్లో కొందరు లండన్‌లో ఉండారు. మూడు నాలుగు వందల ఏళ్ళ నాటి పబ్ ముందర పిల్లలతో నిలబడి ఫోటో తీసి మన గ్రూపులోనే పెడతారు, కింద హెరిటేజ్ అని రాసి. రాయండి, తప్పు లేదు. ఇంగ్లాండులో 2011 చట్టం ప్రకారం పేటవాళ్ళు తమ పబ్‌ను సమాజపు ఆస్తిగా పట్టీలో ఎక్కించమని అడగచ్చు. అమ్మకానికి వస్తే తాము కొనుక్కోవడానికి గడువు అడగచ్చు. వాళ్ళ తాత తాగిన చోటు ఆస్తి, మన తాత తాగిన చోటు మచ్చ.

అంత దూరం ఎందుకు, వాళయార్ దాటండి. పాలక్కాడు పక్క నల్లబోర్డు మీద తెల్ల అక్షరాల్లో కల్లు అని రాసుంటుంది. లోపల కప్ప, చేపల పులుసు. మన కజిన్లు ఆదివారం కార్లేసుకుని కుటుంబంతో పోయి తిని వచ్చి రివ్యూలు రాస్తారు. (కప్ప అంటే కర్రపెండలం, హైదరాబాద్ వాళ్ళు బెదరొద్దు.) కేరళలో కల్లు కార్మికుల సంక్షేమ నిధి చట్టం 1969 నుంచే ఉంది. కనుమకు ఆ పక్క ఉద్యోగం, ఈ పక్క కేసు. చెట్టు ఒకటే, గాలి ఒకటే.

కల్తీ సంగతి నాకు తెలియదనుకోవద్దు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయినారు. చెట్లు లేని నగరంలో కల్లు కావాలంటే నీళ్ళలో మత్తుబిళ్ళలు కలుపుతారు, అది జరుగుతుంది. అందుకే నేను అడిగేది ప్రతి సందులో కల్లుకడ కాదు. తోపు ఉన్న ఊళ్ళో, దించిన చోటే, దించినవాళ్ళ సహకార సంఘం చేతిలో, ఆ పూటది ఆ పూటే అమ్మేటట్టు. నిషేధం ఉంటే కల్తీ ఉండదనేవాళ్ళు 2024 జూన్‌లో కళ్ళకురిచ్చి చూసినారు కదా. దొంగసారా తాగి అరవై మందికి పైగా పోయినారు, కల్లు నిషేధం ఉన్న రాష్ట్రంలోనే, టాస్మాక్ ఉన్న రాష్ట్రంలోనే.

ఆ నాలుగు లైన్లు తిరిగి పెట్టండి, పెద్దలారా. కొట్టం, తడిక, అవ్వ పగ, దెబ్బలు, బోటి కూర, అన్నీ. వేపచెట్టు కూడా పోయింది, ఇప్పుడు ఆ చోట డైయింగ్ యూనిట్ గోడౌన్ ఉండాది. పిల్లలు చూడాలన్నా ఇంకేమీ లేదు, రాసిందే ఉంటుంది.

మదురై, తేని, కోవిల్‌పట్టి పక్కల ఉన్న మనవాళ్ళు ఇది చదివితే ఒక పని చేయండి. 1986కు ముందు కల్లుకడకు పోయినవాళ్ళు మీ ఇళ్ళలో ఇంకా ఉంటారు. కొట్టం ఏ దారిలో ఉండింది, కల్లు దించేవాళ్ళు ఏ ఊరివాళ్ళు, లోపల ఏ భాషలో పాడేవాళ్ళు, ఎవర్ని బయట నిలబెట్టేవాళ్ళు, అడిగి రాసి పంపండి. పెద్దనాయనకు ఎనభై దాటింది, ఆయన చెప్పేది నేను ఫోన్‌లో రికార్డు చేస్తా ఉండా.