చాదస్తమని త్రోసివేయకుడు

విశాఖపట్టణపు వన్ టౌనులో, కురుపాం మార్కెట్టున జీవితమంతయు పద్దులు వ్రాసిన పెద్దాయన చిల్లర లెక్కింపలేక తడబడినను, బురుజుపేట కనకమహాలక్ష్మి సన్నిధికి నిత్యము పోయివచ్చు ముసలమ్మ యింటిదారి మరచినను, ఇంటివారు సాధారణముగా ‘వయసు మీద పడింది, చాదస్తం’ అని సరిపెట్టుకొందురు. ఆ మాటలో ద్వేషము లేకపోవచ్చునుగాని, దానివలన కలుగు కాలయాపనము మాత్రము మిక్కిలి హానికరము. ఏలయన డిమెన్షియా వార్ధక్యమునకు సహజధర్మము గాక, మెదడును క్రమక్రమముగా క్షీణింపజేసి ఆయుర్దాయమును సైతము హరించు వ్యాధి.

2025లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన యొక విస్తృత సమీక్షను బట్టి, 65వ యేట ఈ వ్యాధి నిర్ధారణమైన పురుషులు సగటున 5.7 సంవత్సరములు, స్త్రీలు 8 సంవత్సరములు జీవించుచున్నారు; 85వ యేట నిర్ధారణమైనచో ఆ గడువు పురుషులకు 2.2, స్త్రీలకు 4.5 సంవత్సరములు మాత్రమే. ఈ లెక్కలు అధికభాగము పాశ్చాత్యదేశములవి గనుక మనవారికి యథాతథముగా అన్వయింపకపోవచ్చును. కాని వ్యాధి యెంత ముందుగా సోకిన నంత యెక్కువ ఆయువు నష్టమగునను సత్యము మనకును వర్తించునదే.

మరపు తానై ప్రాణము తీయదు. మ్రింగుట కష్టమై అన్నపానములు ఊపిరితిత్తులలోనికి జారి న్యుమోనియా కలుగుటయు, అడుగు తడబడి తుంటియెముక విరిగి మంచము పట్టుటయు, దాహమని చెప్పలేక శరీరము శుష్కించుటయు, పడక పుండ్లు చీముపట్టుటయు మృత్యువునకు ద్వారములగుచున్నవి. వ్యాధిని కుదుర్చు మందు నేటికిని లేదుగాని, కూర్చుండబెట్టి మెత్తని యన్నము నెమ్మదిగా తినిపించుట, ఇరుకు మెట్లకు చేతిపట్టు అమర్చుట, రాత్రివేళ దీపము వెలుగనిచ్చుట మొదలగు జాగ్రత్తలచే నీ యాపదలలో పెక్కింటిని తగ్గింపవచ్చును.

ఇక వ్యాధి రాకను వెనుకకు నెట్టు శక్తియు మన జీవనములోనే కొంత గలదు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందము 648 మంది రోగులను పరిశీలించి 2013లో వెల్లడించిన దేమన, రెండు లేక అంతకు మించిన భాషలు మాట్లాడువారికి ఏకభాషీయులకంటె నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా లక్షణములు పొడసూపినవి. నిరక్షరాస్యులయందును ఈ భేదము కానవచ్చినది. రేవునాశ్రయించి వచ్చిన బహుజనముల పలుకులు వినుచు పెరిగిన వన్ టౌను వృద్ధులకు ఇది ఆశాజనకమేయైనను, రక్తపు పోటును, మధుమేహమును, వినికిడి లోపమును సకాలమున సరిదిద్దుకొనుటయు నంతే యావశ్యకము.

మనదేశమున అరువదేండ్లు దాటినవారిలో 7.4 శాతము, అనగా సుమారు 88 లక్షల మంది, ఈ వ్యాధిపీడితులని అంచనా. కావున రక్తపు పోటును, చక్కెరను కొలుచు పట్టణ ఆరోగ్యకేంద్రములు జ్ఞాపకశక్తినిగూడ పరీక్షించి, అనుమానము గలవారిని కింగ్ జార్జి ఆసుపత్రికి పంపు పద్ధతి యేర్పడవలెను; రేయింబవళ్లు సేవచేయు కోడండ్లకు, కుమార్తెలకు తగిన శిక్షణయు, నడుమ నడుమ విశ్రాంతియు లభింపవలెను. మిగిలిన యేండ్లు కొద్దివని తెలియుట కఠినమే. కాని ముందుగా తెలిసినప్పుడే, తన యిల్లు, తన ధనము, తన చికిత్స యెట్లుండవలెనో ఆ పెద్దలు తమ నోట తామే చెప్పగలరు. ఆ హక్కును వారికి మిగుల్చుటయే కుటుంబముయొక్కయు, ప్రభుత్వముయొక్కయు ప్రథమ ధర్మము.