బందరు రోడ్డు మరచిన పేరు

విజయవాడ బందరు రోడ్డుకు అధికారిక నామం మహాత్మాగాంధీ రోడ్డు. ప్రభుత్వ కాగితాల్లో ఆ పేరే ఉంటుంది. ఆటో ఎక్కినవారు మాత్రం నేటికీ బందరు రోడ్డనే అంటారు. పేరు పెట్టే అధికారం ప్రభుత్వానిది కావచ్చు. దాన్ని నిలిపేది జనం నాలుక.

ఈ దారి పొడవునా ఆధునికాంధ్ర చరిత్ర ఆనవాళ్లున్నాయి. విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవ స్మారకంగా 1887లో పుట్టిన భవనం నేడు బాపు మ్యూజియం. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైనప్పుడే పింగళి వెంకయ్య తన జెండాను గాంధీజీకి అందించారు. మరికొంత ముందుకు వెళితే స్వరాజ్ మైదానం. ఒకప్పుడు పుస్తక మహోత్సవానికి పేరుపడ్డ ఆ నేలపై 2024 జనవరి 19న 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం వెలిసింది. 81 అడుగుల పీఠంతో కలిపి 206 అడుగులు. అంటరానివాడని దూరంగా నిలబెట్టిన సమాజం ఇప్పుడు తలెత్తి చూడవలసిన ఎత్తు అది. దాన్ని నేను తక్కువ చేయను.

అయితే ఈ జ్ఞాపకాల వరుసలో 1917 నాకు కనిపించదు. ఆ ఏడాది నవంబరులో ఇదే బెజవాడలో ఆంధ్రదేశ పంచమ మహాజన సభ జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించారు. ‘పంచమ’ అన్న మాటకు శాస్త్రాల్లో, పురాణాల్లో ఆధారం లేదనీ, తాము ఈ నేల ఆదివాసులమనీ ఆయన వాదించారు. ఎవరో తగిలించిన పేరును ఆ సభ తిరస్కరించి, ‘ఆది ఆంధ్ర’ అని తనకు తానే పేరు పెట్టుకున్నది. ఆ సందర్భంలో కనకదుర్గ ఆలయ తలుపులు మూసివేశారని చరిత్రకారులు రాశారు. గుడి తలుపులు మూసుకున్న ఊళ్లోనే ఒక జాతి తన పేరు తాను తెరిచింది.

ఆ పేరు సభతో ముగిసిపోలేదు. 1922లో మద్రాసు ప్రభుత్వం దాన్ని అంగీకరించింది. 1931 జనగణనలో లక్షలాది మాల, మాదిగలు తమను ఆది ఆంధ్రులుగా నమోదు చేయించుకున్నారు. నేటి షెడ్యూల్డు కులాల జాబితాలోనూ అది ఉంది.

నా తరగతిలో కుల ధ్రువీకరణ పత్రంపై ‘ఆది ఆంధ్ర’ అని ఉన్న విద్యార్థులుంటారు. ఆ మాట ఎక్కడిదని అడిగితే, తహశీల్దారు రాసి ఇచ్చారంటారు. తాతముత్తాతలు పోరాడి ఎంచుకున్న పేరు మనవల చేతిలో ఉపకార వేతనానికి జతచేసే కాగితంగా మిగిలింది. ఈ మరపు వారి తప్పు కాదు. పాఠ్యపుస్తకం, నగరం కలిసి నేర్పిన మరపు.

అందరూ నడిచే రోడ్డు మీద కులం గుర్తులెందుకని కొందరు అడుగుతారు. 1917 సభ కోరింది కులాన్ని నిలపడం కాదు, కులం అంటగట్టిన అవమానాన్ని తుడిచివేయడం. దాన్ని దాచిపెట్టినంత మాత్రాన రోడ్డు అందరిదీ అయిపోదు.

నేను కోరేది ఇంకో విగ్రహం కాదు. అంబేడ్కర్ పాదాల చెంత, చదువుకునే పిల్లల కంటికి అందే ఎత్తులో, 1917 సభను చెప్పే ఒక శిలాఫలకం. పాఠ్యపుస్తకంలో ఒక పుట. అంబేడ్కర్ కంటే ముందే ఈ ఊళ్లో ఆత్మగౌరవం మాట్లాడిందని ఆ పిల్లలకు తెలియాలి. అప్పుడు వారు తమ పత్రం మీది మాటను తహశీల్దారు ఇచ్చిందిగా కాక, తమవారు సాధించినదిగా చదువుకుంటారు.